స్వీప్ పైకి తీస్తే 68, కిందికి తెస్తే 60: రిపోర్టులో ఏ ఫ్రీక్వెన్సీ రాయాలి?

ప్రశ్న చదవనివాళ్ల కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తాను. 300 మి.మీ. పొడవు, 25 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న స్టీలు పట్టీని రెండు చివర్లా బిగించి షేకర్ (కావలసిన ఫ్రీక్వెన్సీలో ఊపే యంత్రం) మీద పెట్టారు. చిన్న హ్యామర్‌తో మెల్లగా తట్టి చూస్తే 58 హెర్ట్జ్ వచ్చింది, పీక్ వెడల్పు (అర్ధశక్తి దగ్గర, అంటే కంపన శక్తి గరిష్ఠంలో సగం ఉన్న చోట) 0.6 హెర్ట్జ్. తర్వాత 0.1 జీ (భూమ్యాకర్షణ త్వరణంలో పదో వంతు) దగ్గర సైన్ స్వీప్ (ఫ్రీక్వెన్సీని మెల్లగా మారుస్తూ ఊపడం) పైకి తీసుకెళ్తే కదలిక పెరుగుతూ పెరుగుతూ 68 దాకా వెళ్లి ఒక్కసారిగా పడిపోయింది. అదే స్వీప్ పైనుంచి కిందికి తెస్తే 60 దాకా దాదాపు ఏమీ లేదు, అక్కడ ఉన్నట్టుండి లేచింది. గైడ్ గారు చూసి "బోల్టులు వదులయ్యాయి, ఫిక్స్చర్ (బిగింపు చట్రం) మళ్లీ చెయ్యి" అన్నారు. ఈ మూడు అంకెల్లో అసలు నేచురల్ ఫ్రీక్వెన్సీ (ఎవరూ ఊపకుండా వదిలేస్తే పట్టీ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ) ఏది అని మీ ప్రశ్న.

నేరుగా చెప్తున్నాను: మూడు కొలతలూ కరెక్టే. చిన్న కదలికకి నేచురల్ ఫ్రీక్వెన్సీ 58. 68, 60 అనేవి నేచురల్ ఫ్రీక్వెన్సీలు కావు, అవి పట్టీ ఒక స్థితిలోంచి ఇంకో స్థితిలోకి దూకిన చోట్లు, 0.1 జీ కి బదులు 0.05 జీ పెడితే రెండూ మారిపోతాయి. ఫిక్స్చర్ ఇప్పుడే విప్పకండి. బోల్టులు వదులైతే వచ్చే లక్షణం దీనికి దాదాపు తిరగబడి ఉంటుంది, అది కింద వివరంగా రాస్తాను, సార్‌కి చూపించడానికి పనికొస్తుంది.

ముందు ఇది ఎందుకు జరుగుతుందో చూద్దాం. మనం క్లాసులో చదివే రెజొనెన్స్ (నేచురల్ ఫ్రీక్వెన్సీలో ఊపితే కదలిక బాగా పెరగడం) అంతా ఒక్క ఊహ మీద నిలబడి ఉంటుంది: స్ప్రింగ్ ఎంత సాగితే బలం సరిగ్గా అంత దామాషాలో పెరుగుతుందని. రెండు చివర్లూ కదలకుండా బిగించిన పట్టీ ఆ మాట వినదు. మధ్యలో అది కిందికీ పైకీ వంగిందంటే దాని పొడవు కొంచెం పెరిగి తీరాలి, చివర్లు లోపలికి రావడానికి వీల్లేదు కదా, కాబట్టి పట్టీలో టెన్షన్ పుడుతుంది. బట్టలు ఆరేసే తీగని ఎంత బిగించి కడితే అంత సన్నగా మోగుతుంది చూడండి, ఇక్కడ ఆ బిగింపు పట్టీ తన ఊపుతో తానే తెచ్చుకుంటుంది. ఎంత పెద్దగా ఊగితే అంత బిగుసుకుంటుంది, అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఊగాలని చూస్తుంది. ఈ అదనపు బలం కదలిక ఘనంతో పెరుగుతుంది కాబట్టి చిన్న కదలికల్లో అసలు కనపడదు, ఒక హద్దు దాటాక మాత్రం పెత్తనం మొత్తం దానిదే.

ఆ హద్దు ఎక్కడుందో చాలామందికి సరైన అంచనా ఉండదు. 300 మి.మీ. పొడవులో అర మిల్లీమీటరు కదిలితే ఏమవుతుందిలే అనుకుంటాం. పోల్చాల్సింది పొడవుతో కాదు, మందంతో. రెండు చివర్లూ బిగించిన దీర్ఘచతురస్రాకార పట్టీకి మొదటి (మొత్తం ఒకే వంపుగా ఊగే) మోడ్‌లో లెక్క వేస్తే ఇలా వస్తుంది: ఫ్రీక్వెన్సీ నిష్పత్తి వర్గం = 1 + సుమారు 0.56 × (మధ్యలో యాంప్లిట్యూడ్ ÷ మందం) వర్గం, యాంప్లిట్యూడ్ అంటే ఒకవైపుకి ఊగే గరిష్ఠ దూరం. అంటే మందంలో సగం ఊగితే ఫ్రీక్వెన్సీ దాదాపు 7 శాతం పెరుగుతుంది, మందం అంత ఊగితే 25 శాతం. మీ పట్టీ మందం 1 మి.మీ., కాబట్టి 0.8 మి.మీ. ఊగినప్పుడు 58 కాస్తా 68 అవుతుంది. మీకు వచ్చిన 68 ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమయ్యుండాలి. మీ వైబ్రోమీటర్ (కదలికని లేజర్‌తో కొలిచే పరికరం) రికార్డు తెరిచి చూడండి, పడిపోయే ముందు మధ్యలో 0.8 మి.మీ. చుట్టుపక్కలే ఉండాలి. ఉందంటే సగం కేసు అక్కడే తేలిపోయినట్టు.

కదలిక ఘనంతో పెరిగే బలమున్న ఇలాంటి కంపన సమీకరణాన్ని గెయార్గ్ డఫింగ్ అనే జర్మన్ ఇంజనీరు 1918లో ప్రచురించిన పుస్తకంలో కూర్చోబెట్టి విడదీశాడు, అందుకే డఫింగ్ ఆసిలేటర్ అంటాం. యాంప్లిట్యూడ్‌ని బట్టి ఫ్రీక్వెన్సీ ఎలా మారుతుందో గీసిన గీతని బ్యాక్‌బోన్ కర్వ్ అంటారు. లీనియర్ (బలం కదలికకి దామాషాలో ఉండే) సిస్టంలో అది నిటారుగా నిలబడే గీత. మీ పట్టీకి కుడివైపు వాలుతుంది, దీన్ని హార్డెనింగ్ అంటాం. లోలకానికి ఎడమవైపు వాలుతుంది, 90 డిగ్రీల దాకా ఊపి వదిలితే దాని పీరియడ్ చిన్న ఊపుల కంటే 18 శాతం ఎక్కువ. అది సాఫ్టెనింగ్. రెజొనెన్స్ పీక్ మొత్తం ఈ బ్యాక్‌బోన్‌ని పట్టుకుని దానితోపాటు వాలుతుంది, బాగా వాలితే తన మీద తానే మడత పడుతుంది, మడత పడిన చోట ఒకే ఫ్రీక్వెన్సీకి మూడు సమాధానాలు వస్తాయి. పైదీ కిందదీ నిలబడతాయి, మధ్యది నిలబడదు.

ఇప్పుడు మీ స్వీప్‌ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే స్క్రీన్ మీద వచ్చే గ్రాఫ్ ఒక్కటే చూస్తే జరిగిన దాంట్లో చాలా భాగం మిస్సవుతాం. 0.1 జీ స్థిరంగా ఉంచి 56 నుంచి పైకి వెళ్తున్నారు. 58 దగ్గర లీనియర్ పట్టీ అయితే పీక్ కొట్టి దిగిపోవాలి. మీది అక్కడ ఆగదు. కొంచెం ఊగగానే బిగుసుకుంది, బిగుసుకోగానే దాని రెజొనెన్స్ 59కి జరిగింది, మీరు 59కి వచ్చేసరికి ఇంకొంచెం ఊగి 60కి జరిగింది. మీరు తరుముతున్నారు, అది ముందుకి పోతోంది. హమ్మింగ్ శబ్దం పెరుగుతూనే ఉంటుంది, ఫేజ్ (షేకర్ కంటే పట్టీ ఎంత వెనకబడి ఊగుతోందో) మాత్రం మెల్లగా 90 డిగ్రీల వైపు జరుగుతూ ఉంటుంది. 90 దగ్గరికి వచ్చిందంటే మీరిచ్చే శక్తి అంతా డ్యాంపింగ్ (కంపనాన్ని అణచే రాపిడి లాంటి నష్టాలు) తినేస్తోందని అర్థం, ఇంకా పెద్దగా ఊపడానికి 0.1 జీ సరిపోదు. 68 దగ్గర మీరు ఇంకో అడుగు వేశారు, అది ఇక పెరగలేకపోయింది, పెరగలేకపోతే బిగుసుకోలేదు, బిగుసుకోకపోతే రెజొనెన్స్ వెనక్కి జారుతుంది, అలా జారుతూ జారుతూ 0.8 మి.మీ. నుంచి 0.03 మి.మీ.కి పడిపోయింది. పడిపోతున్నప్పుడు మీరు 68లో ఊపుతూనే ఉన్నారు, పట్టీ తన స్వేచ్ఛా కంపనంలో 58 వైపు జారుతోంది, ఈ రెండూ కలిసి ఒక సెకను పాటు బీట్లు (శబ్దం లయగా పెరుగుతూ తగ్గుతూ ఉండడం) వినిపిస్తాయి. టైమ్ సిగ్నల్ జూమ్ చేసి చూడండి, ఆ బీట్లు వేగం పెంచుకుంటూ అణిగిపోవడం స్పష్టంగా కనపడుతుంది. ఫేజ్ ఒక్కసారిగా 180 దగ్గరికి వెళ్తుంది.

వెనక్కి వచ్చేటప్పుడు కథ వేరు. 75 నుంచి దిగుతున్నారు, పట్టీ చిన్నగా ఊగుతోంది కాబట్టి బిగుసుకోలేదు, దానికి తన ఫ్రీక్వెన్సీ 58 అనే ఉంది. 68 దగ్గర పైన ఇంకో స్థితి ఉందని దానికి తెలియదు. 60 దాకా వచ్చాక మాత్రం కింది స్థితి మాయమైపోతుంది, ఇక గత్యంతరం లేక పైకి దూకుతుంది, 0.2 నుంచి 0.4 మి.మీ.కి. కాబట్టి 60కి 68కి మధ్య ఎక్కడైనా సరే పట్టీ ఎంత ఊగుతుందనేది మీ డ్రైవ్ ఒక్కటే నిర్ణయించదు, అది ఎక్కడినుంచి వచ్చిందో కూడా నిర్ణయిస్తుంది. హిస్టరిసిస్ అంటే ఇదే.

దీన్ని ఎవరికైనా రెండు నిమిషాల్లో చూపించే పద్ధతి ఒకటుంది, సార్‌ని ల్యాబ్‌కి పిలిచి ఇదే చేయండి. స్వీప్ పైకి తీసుకెళ్లి 64 హెర్ట్జ్ దగ్గర ఆపండి. పట్టీ 0.6 మి.మీ. పైన ఊగుతూ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ, లెవెల్ ఏమీ ముట్టుకోకుండా పట్టీ మధ్యలో పెన్ను రబ్బరు కొసతో ఒక్కసారి అలా తాకి తీసేయండి. ఊపు చచ్చిపోతుంది, పెన్ను తీసేసినా తిరిగి రాదు, 0.05 మి.మీ. లోపలే ఉండిపోతుంది. బోల్టు వదులైతే పెన్నుతో తాకగానే వదులై, తీశాక కూడా వదులుగానే ఉండి, మళ్లీ 60కి వెళ్లి రాగానే బిగుసుకుంటుందా? పైకి లేపడం కూడా చేయొచ్చు, వేలితో ఒక్క దెబ్బ కొడితే ఒక్కోసారి పై స్థితిలోకి ఎక్కుతుంది, కానీ దెబ్బ పడే క్షణంలో ఫేజ్ కలిసిరావాలి కాబట్టి ప్రతిసారీ రాదు, కొన్ని ప్రయత్నాలు పడుతుంది.

ఇక బోల్టుల సంగతి. సార్ అనుమానం అర్థం లేనిది కాదు, పీక్ వంకరగా వస్తే జాయింట్లు చూడాలన్నది మంచి అలవాటు. కానీ బోల్టు జాయింట్ లెవెల్ పెంచినకొద్దీ సూక్ష్మంగా జారుతుంది, జారితే స్టిఫ్‌నెస్ తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ కిందికి పోతుంది, రాపిడి వల్ల డ్యాంపింగ్ పెరిగి పీక్ మొద్దుబారుతుంది. మీకు జరిగింది ఫ్రీక్వెన్సీ పైకి పోవడం, పీక్ మొన తేలి విరగడం. దిక్కే వేరు. రెండు ముక్కల మధ్య ఖాళీ ఉండి టకటకా కొట్టుకునే రకం వదులైతే హార్డెనింగ్ లాగా కనపడొచ్చు, నిజమే, కానీ దానికి స్పెక్ట్రంలో పదుల కొద్దీ హార్మోనిక్స్ (ఊపే ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్లలో వచ్చే కంపనాలు) గోడలా లేస్తాయి, చెవికే గరగర వినపడుతుంది. మీ స్పెక్ట్రంలో మూడో హార్మోనిక్ చిన్నగా ఉండి మిగతావి శుభ్రంగా ఉంటే అది సాగుడు వల్ల వచ్చిన ఘనపదమే.

మాటలతో ఒప్పించడం కంటే లెవెల్స్ మార్చి కొలవడం మేలు. 0.01, 0.02, 0.05, 0.1 జీ, నాలుగు లెవెల్స్‌లో పైకీ కిందికీ స్వీప్ తీయండి. మీ వెడల్పు 0.6 హెర్ట్జ్ అంటే క్యూ (ఫ్రీక్వెన్సీని వెడల్పుతో భాగిస్తే వచ్చేది) దాదాపు 100, దాన్ని బట్టి నేను వేసిన లెక్కలో పైకి వెళ్లేటప్పుడు పీక్ వరుసగా 58.2, 58.6, 61.3, 68 దగ్గర రావాలి. మొదటి లెవెల్‌లో రెండు దిక్కుల గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, రెండోది దాదాపు మడత మొదలయ్యే అంచున ఉంటుంది, మూడో లెవెల్ నుంచి దూకుడు ఖాయం. తర్వాత పీక్ ఫ్రీక్వెన్సీ వర్గాన్ని పీక్ యాంప్లిట్యూడ్ వర్గంతో గీయండి, నాలుగు చుక్కలూ సరళరేఖ మీద పడాలి. ఆ వాలు లోంచే ఘనపదం విలువ వస్తుంది, ప్రాజెక్టులో ఒక అధ్యాయానికి అది చాలు. అంకెలు నా లెక్కకి పది ఇరవై శాతం అటూ ఇటూ వస్తే కంగారు పడకండి, ఏ ఫిక్స్చరూ పూర్తిగా కదలకుండా పట్టుకోదు, అది కొంచెం ఇచ్చినా సాగుడు తగ్గుతుంది.

దూకుడు ఎప్పుడు మొదలవుతుందో ముందే తెలుసుకోవడానికి ఒక లెక్క గుర్తుపెట్టుకోండి, నేను ఏ పట్టీ, ఏ పలక చూసినా ముందు ఇదే చూస్తాను: పీక్ తన చోటు నుంచి జరిగిన దూరం, చిన్న లెవెల్‌లో కొలిచిన అర్ధశక్తి వెడల్పులో 0.77 వంతు దాటిందా? దాటితే మడత పడినట్టే. మీ కేసులో అది 0.46 హెర్ట్జ్, దానికి కావలసిన యాంప్లిట్యూడ్ మిల్లీమీటరులో ఆరో వంతు మాత్రమే. డ్యాంపింగ్ ఎంత తక్కువైతే ఈ హద్దు అంత తొందరగా వస్తుంది. అందుకే మైక్రో సైజు రెజొనేటర్లు, క్యూ వేలల్లో ఉండేవి, తయారు చేసేవాళ్లకి డఫింగ్ అనేది రోజువారీ తలనొప్పి.

ఇప్పుడు కొలిచే పద్ధతి గురించి, ఎందుకంటే సరైన భౌతికశాస్త్రం చెత్త స్వీప్‌లో కనపడకుండా పోతుంది. క్యూ 100, 58 హెర్ట్జ్ అంటే పట్టీ సర్దుకునే టైమ్ కాన్‌స్టంట్ 0.55 సెకను. కాబట్టి 0.1 హెర్ట్జ్ అడుగులు వేస్తూ ప్రతి అడుగు దగ్గర కనీసం మూడు సెకన్లు ఆగి, ఆ తర్వాతే చదవండి. నిరంతర స్వీప్ వేగంగా తీస్తే లీనియర్ పట్టీకి కూడా పైకి ఒక పీక్, కిందికి ఒక పీక్ వస్తుంది, అది వట్టి ఆలస్యం, దాన్ని చూసి నాన్‌లీనియర్ అని రాసిన రిపోర్టులు ఉన్నాయి. తేడా తెలుసుకోవడం తేలిక: స్వీప్ వేగం సగం చేయండి, రెండు పీకుల మధ్య దూరం తగ్గితే అది ఆలస్యం, తగ్గకుండా నిలబడితే నిజమైన హిస్టరిసిస్. ఒక జాగ్రత్త, పై కొసన స్థితి చాలా నాజూకుగా ఉంటుంది, ఎవరో తలుపు వేసినా, కంట్రోలర్ అడుగు మార్చేటప్పుడు చిన్న కుదుపు ఇచ్చినా ముందే పడిపోతుంది. అందుకే పైకి స్వీప్ పీక్ ఒకసారి 68, ఒకసారి 66.5 రావడం మామూలే, కిందికి వచ్చే 60 మాత్రం బాగా స్థిరంగా వస్తుంది.

ర్యాండమ్ నాయిస్ ఇచ్చి ఎఫ్ఆర్ఎఫ్ (ప్రతి ఫ్రీక్వెన్సీకీ ఎంత స్పందన వచ్చిందో చూపే గ్రాఫ్) తీస్తే ఈ మడత మీకు ఎప్పటికీ కనపడదు. సగటు తీసే పద్ధతి దాన్ని చదును చేసి, కొంచెం జరిగిన, కొంచెం వెడల్పైన మామూలు పీక్ లాగా చూపిస్తుంది, దాంతో డ్యాంపింగ్ ఎక్కువుందని తప్పుడు అంకె వస్తుంది. మీరు లేజర్ వైబ్రోమీటర్ వాడారు కాబట్టి బతికిపోయారు. ఇదే చదువుతున్న మిగతావాళ్లకి చెప్తున్నాను, ఇలాంటి పట్టీ మధ్యలో 5 గ్రాముల యాక్సెలరోమీటర్ అంటిస్తే ఫ్రీక్వెన్సీ దాదాపు 10 శాతం పడిపోతుంది, ఎందుకంటే పట్టీ మొత్తం బరువే 59 గ్రాములు, మొదటి మోడ్‌లో లెక్కకొచ్చేది అందులో 40 శాతమే.

ఇంకా మంచి పద్ధతి కావాలంటే 67 దాకా ఎక్కించి షేకర్ సిగ్నల్ ఒక్కసారిగా కట్ చేయండి. పట్టీ తనంతట తాను ఊగుతూ అణిగిపోతుంది, ఆ సెకనులో దాని ఫ్రీక్వెన్సీ 67 నుంచి 58కి దిగుతుంది. ప్రతి సైకిల్‌కి యాంప్లిట్యూడ్, ఫ్రీక్వెన్సీ తీసి గీస్తే బ్యాక్‌బోన్ మొత్తం ఒక్క రికార్డులో వచ్చేస్తుంది. స్వీప్‌ల లోంచి తీసిన సరళరేఖ, ఇదీ కలిస్తే ఇక ఎవరూ ప్రశ్న అడగలేరు.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఉష్ణోగ్రత, దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు దీని మీద గట్టి పట్టింపు ఉంది. మీ పట్టీ ఎంత సన్నం అంటే, చివర్లు నిజంగా కదలకుండా బిగించి ఉంటే, పట్టీ ఒక్కటే ఫ్రేమ్ కంటే 3 డిగ్రీలు వేడెక్కితే చాలు, బకిల్ అయిపోతుంది, అంటే నొక్కుడుకి పక్కకి వంగిపోతుంది. ఒక్క డిగ్రీ తేడాకే 58 హెర్ట్జ్ అనేది 15 శాతం పైగా జరగగలదు, అంటే మీరు స్వీప్‌లో చూసిన మార్పు అంత! ఫ్రేమ్ అల్యూమినియం అయితే ఇంకో చిక్కు, అది స్టీలు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి గది మొత్తం సమానంగా వేడెక్కినా చల్లబడినా పట్టీలో టెన్షన్ మారుతుంది. షేకర్ కాయిల్ గంటసేపు నడిస్తే టేబుల్ వేడెక్కుతుంది, మధ్యాహ్నం ఏసీ ఆపితే గది వేడెక్కుతుంది. కాబట్టి ప్రతి స్వీప్‌కి ముందూ తర్వాతా 0.01 జీ దగ్గర చిన్న స్వీప్ తీసి 58 తన చోటనే ఉందో లేదో చూడండి. అది జరిగిపోయి ఉంటే ఆ మధ్యలో తీసిన డేటా పక్కన పెట్టేయాల్సిందే. ఫ్రేమ్‌కీ పట్టీ చివరకీ ఒక్కో థర్మోకపుల్ అంటించండి, ఖర్చు ఏమీ కాదు.

బిగించేటప్పుడు పట్టీ కొంచెం విల్లులా వంగి ఉండిపోతే గ్రాఫ్ ఇంకోలా వస్తుంది. అప్పుడు పైకి ఊగడం, కిందికి ఊగడం ఒకేలా ఉండదు, బలంలో వర్గపదం చేరుతుంది, వర్గపదం ఏ గుర్తుతో ఉన్నా ఫ్రీక్వెన్సీని కిందికే లాగుతుంది. అలాంటి పట్టీలో పీక్ ముందు ఎడమకి వాలి, పెద్ద యాంప్లిట్యూడ్ దగ్గర మళ్లీ కుడికి తిరుగుతుంది. రెండో హార్మోనిక్ పెద్దగా కనపడితే ముందు అనుమానించాల్సింది ఈ వంపునే.

కింద వ్యాఖ్యల్లో ఒకరు టకోమా బ్రిడ్జి (గాలికి ఊగి కూలిన అమెరికా వంతెన) కూడా ఇదేనా అని అడిగారు. కాదు. 1940 నవంబరు 7న అది కూలినప్పుడు గాలి ఏ ఫ్రీక్వెన్సీలోనూ దాన్ని తట్టలేదు, మెలితిరిగే కదలికే గాలినుంచి శక్తి లాక్కుంది, అది స్వయంగా పెరిగే ఫ్లటర్. మీరు చూస్తున్నది బయటి బలంతో నడిచే నాన్‌లీనియర్ రెజొనెన్స్. మూడో రకం పారామెట్రిక్, అంటే బలం ఇవ్వకుండా స్టిఫ్‌నెస్‌నే లయగా మార్చడం, నేచురల్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపులో మారిస్తే ఊపు దానంతట అదే పుట్టుకొస్తుంది. 1831లో ఫారడే ఊగే పళ్లెంలో నీటి అలలు సగం ఫ్రీక్వెన్సీలో లేవడం గమనించాడు. మన విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీలో చదివిన సి.వి. రామన్ కూడా కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగం చేస్తూనే, ట్యూనింగ్ ఫోర్క్‌తో తీగ టెన్షన్‌ని మారుస్తూ ఊపే ఈ ప్రయోగాల మీద పనిచేసి 1912లో ప్రచురించారు. సముద్రంలో ఇదే ప్రమాదం. 1998 అక్టోబరులో ఉత్తర పసిఫిక్‌లో ఏపీఎల్ చైనా అనే కంటైనర్ ఓడ ఎదురు అలల్లో పారామెట్రిక్ రోలింగ్‌లో పడి వందల కంటైనర్లు పోగొట్టుకుంది. మీ పట్టీ విషయంలో దీనికి సంబంధం ఏంటంటే, షేకర్ పట్టీ పొడవు దిశలో కూడా కొంచెం కదులుతుంటే 116 హెర్ట్జ్ దగ్గర హఠాత్తుగా 58లో ఊగడం కనపడొచ్చు, అప్పుడు ఆశ్చర్యపోకండి.

ఎలక్ట్రికల్ వాళ్లు ఎవరైనా చదువుతుంటే, మీకు ఇది ఫెర్రోరెజొనెన్స్ పేరుతో బాగా పరిచయం. ట్రాన్స్‌ఫార్మర్ ఐరన్ కోర్ సాచురేట్ అయితే ఇండక్టెన్స్ తగ్గుతుంది, కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి మన పట్టీ లాంటి మడతే అక్కడా వస్తుంది. ఒక ఫేజ్ ఫ్యూజ్ పోవడమో, స్విచింగ్ చేయడమో పెన్నుతో తాకడం లాంటిది, సర్క్యూట్ పై స్థితికి ఎక్కి కూర్చుంటుంది, కారణం పోయినా ఓవర్‌వోల్టేజ్ పోదు, పీటీ (వోల్టేజ్ కొలవడానికి పెట్టే ట్రాన్స్‌ఫార్మర్) గుర్రుమంటూ వేడెక్కి చివరికి కాలిపోతుంది. ఓపెన్ డెల్టాలో డ్యాంపింగ్ రెసిస్టర్ పెట్టేది ఆ పై స్థితిని లేకుండా చేయడానికే. బెతెనో అనే ఫ్రెంచ్ ఇంజనీరు 1907లోనే దీని గురించి రాశాడు, పేరు పెట్టింది బూషెరో, 1920లో. అంటే డఫింగ్ పుస్తకం కంటే ముందే కరెంటువాళ్లు ఈ దూకుడుని చూశారు.

ఈ దూకుడుని తప్పించుకోవాల్సిన జబ్బుగా మాత్రమే చూడొద్దని కూడా చెప్పాలి. 2004లో యేల్‌లో సిద్దీఖీ, డెవొరే బృందం రెండు సూపర్‌కండక్టర్ల మధ్య పలచని అడ్డు పెట్టి చేసే జోసెఫ్సన్ జంక్షన్‌ని సరిగ్గా మడత అంచున నిలబెట్టి, క్యూబిట్ (క్వాంటమ్ కంప్యూటర్ బిట్) స్థితిని బట్టి పై స్థితికి దూకుతుందా లేదా చూసి చదివే యాంప్లిఫయర్ చేసింది. అంచున నిలబడ్డ సిస్టం అతి చిన్న తేడాకి అతి పెద్ద జవాబిస్తుంది, మీ 60 హెర్ట్జ్ చోటు కూడా అంతే. ఇక డ్రైవ్ ఇంకా పెంచితే కొన్ని డఫింగ్ సిస్టంలు ఏ లయా లేని చోటికి పోతాయి, 1961 నవంబరు 27న క్యోటోలో ఉయెదా యోషిసుకె అనే పరిశోధక విద్యార్థి అనలాగ్ కంప్యూటర్ మీద చూసింది అదే, మెషీన్ లోపం అనుకోకుండా ఆ కాగితాలు దాచుకున్నాడు. మీ సెటప్‌తో అక్కడిదాకా పోనవసరం లేదు, పట్టీ అలసి బిగించిన చోట పగులు వస్తుంది.

రిపోర్టులో ఇలా రాయండి: తక్కువ లెవెల్ నేచురల్ ఫ్రీక్వెన్సీ 58 హెర్ట్జ్ (0.01 జీ దగ్గర, ఉష్ణోగ్రతతో సహా), అర్ధశక్తి వెడల్పు, దానిపక్కన బ్యాక్‌బోన్ గ్రాఫ్, ఆ తర్వాత ప్రతి లెవెల్‌కీ పైకి స్వీప్‌లో పడిపోయిన ఫ్రీక్వెన్సీ, కిందికి స్వీప్‌లో లేచిన ఫ్రీక్వెన్సీ, స్వీప్ దిక్కూ అడుగు సైజూ ఆగిన టైమూ రాసి. "రెజొనెన్స్ = 68" అని ఒక్క అంకె రాసి వదిలేస్తే అది చదివి రేపు ఇంకొకరు డిజైన్ చేస్తారు, వాళ్లకి 60 దగ్గర పట్టీ లేచిందంటే ఎందుకో అర్థం కాదు.

ఫిక్స్చర్ విప్పే ముందు 64 దగ్గర పెన్ను ప్రయోగం సార్‌కి చూపించండి, తర్వాత కూడా విప్పమంటే టార్క్ రెంచ్‌తో బోల్టులు అన్నీ ఒకే టార్క్‌కి బిగించి అవే నాలుగు లెవెల్స్ మళ్లీ తీయండి, బేస్ ఫ్రీక్వెన్సీ కొంచెం మారొచ్చు కానీ కుడివైపు వాలు పోదు. నాలుగు లెవెల్స్ డేటా, 0.01 జీ ముందూ తర్వాతా విలువలు, ఫేజ్ గ్రాఫ్ ఇక్కడ పెట్టండి, బ్యాక్‌బోన్ వాలు నా లెక్కతో పోల్చి చూస్తాను.